న్యూజిలాండ్‌కి ఎన్ని జతలు పెట్టుకోవాలి? ముందు ఆ జీన్స్ బయటికి తీయండి

డిసెంబరు చివర్లో మీ మూడు వారాల ప్రయాణం, ఆక్లాండ్ నుంచి నైరుతి మూలనున్న మిల్ఫర్డ్ సౌండ్ అనే సముద్రపు పాయ దాకా, మధ్యలో రెండు ట్రెక్‌లు. బీచ్, అడవి, మంచు కొండలు అన్నీ ఉన్నాయి కాబట్టి ఒక్కోదానికి ఎన్ని జతలు సర్దుకోవాలని అడిగారు. మీ లిస్టులో మూడు జీన్స్, పది కాటన్ టీషర్టులు, ఒక పాంచో (తల మీంచి వేసుకునే వదులు వాన కప్పు) చూడగానే నన్ను నేనే చూసుకున్నట్టు అనిపించింది.

నేనూ అచ్చం అలాగే వెళ్ళాను. జనవరిలో, అంటే అక్కడ నడి వేసవిలో, రూట్‌బర్న్ ట్రాక్ అనే కొండదారి ట్రెక్‌కి. మొదటి రోజు ఎండ, పక్కనే గాజులా మెరిసే ఏరు, చెట్ల నీడన నడక. దీనికోసమా మా ఆవిడ నెల రోజుల నుంచి ఉన్ని బనీన్లు, వాన ప్యాంట్లు అని నా ప్రాణం తీసింది అనుకున్నాను. రాత్రి దారిలో నడిచేవాళ్ళు బస చేసే రూట్‌బర్న్ ఫాల్స్ హట్‌లో పడుకున్నాం. తెల్లారేసరికి రేకుల మీద వాన దబదబా కొడుతోంది.

ఆ రోజు దాటాల్సింది హ్యారిస్ శాడిల్ అనే కనుమ. ఎత్తు 1,255 మీటర్లు. హిమాలయాల ఫోటోలు చూసి పెరిగిన వాళ్ళకి ఇదొక లెక్కా అనిపిస్తుంది. కానీ ఆ ఎత్తుకే అక్కడ చెట్లు ఉండవు, గాలికి అడ్డు ఉండదు. వాన పైనుంచి పడలేదండీ, పక్కనుంచి వచ్చి మొహాన కొట్టింది. అరగంటలో పాంచో గాలికి లేచి నా తలకే చుట్టుకుంది. జీన్స్ తడిసి మోకాళ్ళ దగ్గర పట్టేసింది, కాలు ఎత్తితే ఎవరో వెనక్కి లాగుతున్నట్టుంది. గొప్పగా కొనుక్కున్న బాతు ఈకల జాకెట్ నీళ్ళు తాగి, తడిసిన కోడిపిల్లలా ముద్దయిపోయింది. మంచు లేదు, గడ్డ కట్టే చలి కూడా కాదు. అయినా శాడిల్ మీది చిన్న షెల్టర్ చేరేసరికి నా వేళ్ళకి బ్యాగు జిప్పు లాగే శక్తి లేదు.

లోపల ఒక ముసలి దంపతులు కూర్చుని టీ తాగుతున్నారు. ఇద్దరూ నిక్కర్లలో! కింద ఒంటికి అతుక్కునే ఉన్ని థర్మల్, దానిమీద నిక్కరు. అక్కడి వాళ్ళు అలాగే నడుస్తారని తర్వాత తెలిసింది. ఆ ముసలావిడ నన్ను ఒక్క చూపు చూసి, ఏమీ అడక్కుండా, తన బ్యాగులోంచి పొడి ఉన్ని చొక్కా తీసి ఇచ్చి, తడి బట్టలు విప్పెయ్యమంది. మా ఆవిడ నిక్షేపంగా ఓ మూల బిస్కెట్లు తింటోంది. ‘నేను చెప్పానా’ అని కూడా అనలేదు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

అందుకే నా మాట ఒక్కటే: ఆ దేశానికి చలి కోసం కాదు, తడి కోసం సర్దుకోవాలి. పడమటి గాలులు సముద్రం మీది తేమనంతా తెచ్చి సదరన్ ఆల్ప్స్ కొండలకి కొడతాయి. మిల్ఫర్డ్ సౌండ్‌లో ఏడాదికి సుమారు 6.8 మీటర్ల వాన. మిల్లీమీటర్లు కాదు, మీటర్లే. కొండలకి అవతల, నేరుగా చూస్తే ఓ 130 కిలోమీటర్ల దూరంలో ఉన్న అలెగ్జాండ్రా ఊళ్ళో మాత్రం 350 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. ఒక్కో చోటికి ఒక్కో పెట్టె సర్దుకుంటే మోయలేక చస్తారు. అన్ని చోట్లకీ కింద చెప్పే పొరలే, ఎండొస్తే విప్పాలి, గాలొస్తే తొడగాలి.

ఒంటికి ఆనుకునేది మెరీనో ఉన్ని, తడిసినా కొంత వెచ్చదనం ఉంచుతుంది. మీద పల్చటి ఫ్లీస్ (మెత్తటి నూగు బట్ట) జాకెట్. ఆ పైన టోపీ ఉన్న అసలైన వాన కోటు, వాన ప్యాంటు. డబ్బు పెడితే ఈ రెంటి మీదే పెట్టండి, బూట్ల మీద కంటే ముందు. ఉన్ని టోపీ, గ్లవ్స్ వేసవి కదా అని తీసెయ్యకండి. ఈకల జాకెట్ సాయంత్రం హట్‌లోకే. బ్యాగు మీద కప్పే రెయిన్ కవర్ని నమ్మకండి, గాలికి ఎగిరిపోయింది నాది. లోపల దళసరి ప్లాస్టిక్ సంచి పరిచి అందులో సర్దండి. ప్రయాణాల వీడియోల వాళ్ళు రంగురంగుల ప్యాకింగ్ క్యూబుల (బట్టలు సర్దే చిన్న సంచుల) గురించి పావుగంట చెప్తారు, ఈ ఒక్క ముక్క చెప్పరు.

ఎండనీ తక్కువ చూడకండి. గాలి చల్లగానే ఉంటుంది, చర్మం మాత్రం కమిలిపోతుంది. ఇక మిల్ఫర్డ్ వైపు శాండ్‌ఫ్లైలు అని చిన్న నల్ల ఈగలు, దోమలు వాటి ముందు దిగదుడుపే. పొడుగు చేతుల చొక్కా వాటికోసమే.

వాడిన బూట్లు తీసుకెళ్తుంటే పాత టూత్‌బ్రష్‌తో అడుగున మట్టి అంతా గీకి కడగండి. దేశంలోకి వెళ్ళేటప్పుడు నింపే ఫారంలో ట్రెకింగ్ సామాను ఉందని రాయాలి, పచ్చళ్ళు, పొడులు సహా తిండి ఏదున్నా రాయాలి. దాస్తే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్లు కట్టిస్తారు. నా బూట్లు లోపలికి తీసుకెళ్ళి కొన్నప్పటికంటే శుభ్రంగా తెచ్చిచ్చారు. అది చాదస్తం కాదు. ఉత్తరాన కౌరీ చెట్లని చంపే తెగులు మట్టితోనే పాకుతుంది, అందుకే అడవి దారుల మొదట్లో బూట్లు తుడుచుకునే చోట్లు పెట్టారు. స్టవ్ గ్యాస్ డబ్బాలు విమానంలో కుదరవు, అక్కడే కొనుక్కోండి.

జతల లెక్క అడిగారు కదా. ఊళ్ళలో తిరగడానికి రెండు, మధ్యలో ఉతుక్కోవచ్చు. కొండ మీదికి రెండే: నడిచేది ఒకటి, హట్‌లో వేసుకునే పొడిది ఒకటి. తెల్లారి ఆ చల్లటి తడి చొక్కా మళ్ళీ తొడుక్కోవడం నరకం, ఒప్పుకుంటాను. అయినా అదే తొడుక్కోండి, పొడిది ముట్టుకోకండి. పది నిమిషాలు నడిస్తే ఒంటి వేడికి వెచ్చబడుతుంది. నా జీన్స్ మాత్రం రెండో రాత్రి లేక్ మెకెంజీ హట్‌లో పొయ్యి పక్కన వేలాడదీసినా, ట్రాక్ చివర డివైడ్ అనే చోట బస్సెక్కేదాకా ఆరలేదు.