ముందు చిన్న మాస్కులు కొనండి

ప్రశ్న: మా ఊరివాళ్లం, అమెరికాలో ఉన్న మావాళ్లం చందాలేసుకుని ఊరికి అంబులెన్సు కొన్నాం. ఆక్సిజన్, స్ట్రెచరు, చేత్తో పిసికి ఊపిరందించే అంబూ బ్యాగు, మెడ కదలకుండా పెట్టే కాలరు ఉన్నాయి. దెబ్బలు తగిలిన పిల్లలకి ఇవి సరిపోవా డాక్టరుగారూ? మిగిలిన డబ్బుతో వెంటిలేటరు కొందామంటున్నారు.
– ఒక పాఠకుడు, తణుకు దగ్గర పల్లె

జవాబు: సరిపోవండీ. వెంటిలేటరు మాట పక్కన పెట్టండి, నడపడం తెలిసిన మనిషి బండిలో లేకపోతే అది దండగ. ముందు అంబూ బ్యాగు చూడండి. పెద్దవాళ్లదైతే సుమారు లీటరున్నర గాలి పడుతుంది. రెండేళ్ల పిల్లాడికి అరలీటరుది చాలు. కంగారులో పెద్దదాన్ని గట్టిగా పిసికారా, గాలి పొట్టలోకి పోయి, పొట్ట ఉబ్బి, వాంతవుతుంది. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మొదటికే మోసం. ఛాతీ కాస్త లేచిందంటే చాలు, ఆ పిసుకుడు అక్కడితో ఆపి బ్యాగు వదలాలి. బ్యాగుకి తగిలించే మాస్కు ముక్కు దూలం నుంచి గడ్డం దాకా కూర్చోవాలి, కళ్లమీదికి రాకూడదు. పెద్దదైతే చెంపల పక్కనుంచి గాలంతా బయటికే. నెలల బిడ్డ నుంచి బడిపిల్లాడి దాకా అన్ని సైజులూ ఒకే సంచిలో వేసి, దానికి ఎర్రగుడ్డ కట్టండి. అర్ధరాత్రి వెతుక్కోవడం ఉండదు.

కాలరూ అంతే, సైజు కానిది గడ్డాన్ని పైకి నెట్టేస్తుంది. పిల్లలది దొరక్కపోతే తలకి అటూ ఇటూ తువ్వాళ్లు చుట్టలు చుట్టి పెట్టండి. ఇంకో సంగతి, చాలామందికి తెలీదు. పసివాళ్ల తల ఒంటితో పోలిస్తే పెద్దది. స్ట్రెచరు మీద గట్టి బోర్డు వేసి వెల్లకిలా పడుకోబెడితే మెడ ముందుకి వంగి ఊపిరి అందదు. భుజాల నుంచి నడుం దాకా దుప్పటి మడిచి వేస్తే మెడ తిన్నగా ఉంటుంది. దీనికి పైసా ఖర్చు లేదు!

రక్తం సంగతి. పిల్లల ఒంట్లో కిలోకి సుమారు 80 మిల్లీలీటర్లు. అంటే 10 కిలోల పిల్లకి మొత్తం 800. మంచినీళ్ల గ్లాసుడు పోతే పావు వంతు పోయినట్టే. అయినా బీపీ చాలాసేపు పడిపోదు. కాబట్టి బీపీ బాగుందని నిమ్మళంగా ఉండకుండా నాడి వేగం, చేతులు చల్లబడటం చూడమనండి. పిల్లల బీపీ పట్టీ, చిన్న ఆక్సీమీటరు కొనండి. పిల్లల ఒళ్లు త్వరగా చల్లబడుతుంది, దుప్పట్లు ఎక్కువే పెట్టుకోండి, ఏసీ చల్లదనం తగ్గించండి.

తల్లి ఒళ్లో కూర్చోబెట్టి తీసుకెళ్తామంటారు, ఒప్పుకోకండి. సడన్ బ్రేకు పడితే ఆమె పట్టుకోలేదు. పిల్లాణ్ణి స్ట్రెచరుకే చిన్న బెల్టులతో కట్టి, తల్లిని వాడికి కనిపించేలా పక్కన కూర్చోబెట్టండి.

మీ బండి ఉంది కదా అని 108 కి ఫోను మానకండి, అందులో శిక్షణ పొందిన టెక్నీషియన్ ఉంటారు. వీలైతే ఆయన్నే ఒక ఆదివారం పిలిచి, మీ డ్రైవరు చేత బొమ్మ మీద ఆ చిన్న బ్యాగు పిసికించండి.