ఓర్చుకోవడం తగ్గించుకో తమ్మీ

చిరంజీవి తమ్మునికి, మీ అక్క ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మీ బావ, నేను క్షేమం. అక్కడ నువ్వు, మరదలు, పిల్లలు క్షేమమని తలుస్తాను.

మొన్న ఫోన్లో ఎన్ని సంగతులు చెప్పినా చివరికి ఒక్క మాటే అన్నావు: "వయసు మీద పడ్డది అక్కా, ఓర్చుకోవాలె." టీవీలో మాట తెలుస్తలేదు, ఓర్చుకోవాలె. మందుగోలీల మీద అక్షరం ఆనదు, ఓర్చుకోవాలె. బాత్రూంలో లేవాలంటే బకెట్టు అంచు పట్టుకోవాలె, అదీ ఓర్చుకోవాలె. ఫోన్లో చెప్తే నువ్వు మాట మారుస్తావు కాబట్టి కూర్చొని రాస్తున్నాను. నాకంటే ఎనిమిదేండ్లు చిన్నోడివి. ఈ దారి నేను ముందే నడిచాను.

పెద్ద జబ్బును, పోయినవాళ్ల దుఃఖాన్ని ఓర్చుకోక తప్పదు. వందో వెయ్యో పెడితే, ఒక పూట ఓపిక చేస్తే తీరిపోయే ఇబ్బందిని ఏండ్లకేండ్లు ఎందుకు మోయాలి? అటువంటివి పది పోగైతే మనిషికి చిరాకే స్వభావం అయిపోతుంది. ఆ చిరాకు చివరికి వచ్చి పడేది మరదలి మీద, కోడలి మీద. మన నాయన చివరి రోజుల్లో ఇంట్లో అందరి మీద కసురుకునేవాడు, నీకు యాదికి ఉందిగా. ఆయనకు సరిగ్గా వినపడేది కాదు. ఆ సంగతి మనలో ఎవరికీ తట్టలేదు.

అందుకే ముందు చెవుల సంగతి చెప్తాను. "ఇప్పటి పిల్లలు నోట్లో నోట్లో మాట్లాడుతారు" అంటున్నావు. వాళ్లు బాగానే మాట్లాడుతున్నారు తమ్మీ. వయసుతో ముందుగా తగ్గేది సన్నటి ధ్వనులు వినే శక్తి. ఆడవాళ్ల గొంతు, చిన్నపిల్లల గొంతు, మాటలో స, శ వంటి అక్షరాలు జారిపోతాయి. చప్పుడు వినపడుతుంది, మాట అర్థం కాదు. మామూలుగా చెప్తే గొణిగినట్టు ఉంటుంది, గట్టిగా చెప్తే మీద పడి అరిచినట్టు ఉంటుంది. రెండింటికీ మనకే కోపం వస్తుంది. పెండ్లికి పోతే నలుగురి మధ్య ఏమీ తెలియక ఓ మూలకు కూర్చుంటాం. కొన్నాళ్లకు పోవడమే మానేస్తాం. నువ్వు మొన్న మేనల్లుని ఇంటి పండుగకు ఎందుకు రాలేదో నాకు తెలుసు.

ముందు చెవి డాక్టరుకు చూపించు. ఒక్కోసారి గులిమి గట్టిపడి అడ్డం ఉంటుంది, అది తీస్తేనే సగం బాధ పోతుంది. పిన్నీసు పెట్టి తిప్పుకోవడం, వేడి నూనె పోసుకోవడం మాత్రం వద్దు. గులిమి కాదంటే వినికిడి పరీక్ష చేస్తారు. ఏ ధ్వని ఎంత తగ్గిందో కాగితం మీద గీత గీసి ఇస్తారు. ఆ కాగితాన్ని బట్టే వినికిడి మిషన్ అమర్చాలి. టీవీలో చూసి, ఫోన్లో చూసి చవకది తెప్పించుకుంటే అది అన్ని చప్పుళ్లనూ ఒకే తీరుగా పెంచుతుంది, తలనొప్పి తప్ప ఏమీ మిగలదు.

మిషన్ పెట్టుకున్న మొదటి వారం నీకు నచ్చదు. ఫ్యాను తిరిగే మోత, గిన్నెల చప్పుడు, కాగితం మడత పెట్టినా పెద్దగా వినిపిస్తుంది. అప్పుడే చాలామంది తీసి డబ్బాలో పెట్టేస్తారు. నువ్వు అట్లా చేయకు. మొదట్లో రోజుకు గంటో రెండు గంటలో ఇంట్లోనే పెట్టుకో, మరదలితో మాట్లాడు, మెల్లగా సమయం పెంచు. చెవికి, మెదడుకు అలవాటు కావాలి. నెల తర్వాత మళ్లీ పోయి సరిచేయించుకో. చిన్న బటన్ బ్యాటరీలు వాడేదైతే స్టిక్కరు తీశాక నిమిషం సేపు గాలి తగలనిచ్చి అప్పుడు వేయాలి. మన వాడకట్టులో పెన్షన్ లేని ముసలివాళ్లు ఎవరైనా ఉంటే చెప్పు, 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద పేదవాళ్లకు వినికిడి మిషన్లు, కళ్లద్దాలు, చేతికర్రలు ఉచితంగా ఇస్తారు.

ఇంట్లోవాళ్లకు కూడా ఒక మాట చెప్పు. వంటింట్లోంచి కేకేయకుండా ఎదురుగా వచ్చి ముఖం చూసి మాట్లాడమను. సగం మాట పెదవులను చూసే అర్థమవుతుంది.

ఇగ బాత్రూం. బకెట్టు పట్టుకుని లేవడం అన్నావే, ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. శానిటరీ దుకాణంలో గోడకు బిగించే స్టీలు కడ్డీలు దొరుకుతాయి, గ్రాబ్ బార్ అంటే ఇస్తారు. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి గోడలోకి రంధ్రం చేసి గట్టిగా బిగించాలి. నువ్వు కూర్చొని లేచి చూసి, చేయి ఎక్కడికి పోతుందో అక్కడ గుర్తు పెట్టించు. తువ్వాలలు వేసే కడ్డీ మనిషి బరువు ఆపదు. గాలి పీల్చుకుని గోడకు అతుక్కునే ప్లాస్టిక్ పిడులను కూడా నమ్మొద్దు. స్నానానికి స్టూలు వేసుకో. కింద రబ్బరు చాప పరువు. లోపలి గడియ పెట్టుకోకు, తలుపు దగ్గరికి వేస్తే చాలు. మంచం నుంచి బాత్రూం దాకా చిన్న బల్బు రాత్రంతా వెలగనీ. కరెంటు బిల్లు గురించి ఆలోచించకు, తుంటి ఎముక విరిగితే అయ్యే ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు. నిద్రలోంచి లేవగానే నిలబడొద్దు, మంచం అంచున కాసేపు కాళ్లు కిందికి వేసి కూర్చో. బీపీ గోలీలు వేసుకునేవాళ్లకు ఠక్కున లేస్తే కండ్లు తిరుగుతాయి.

మన మోకాళ్లు, నడుములు పట్టేయడానికి వయసు ఒక్కటే కారణం కాదు. దేవరకొండ, మర్రిగూడ, నాంపల్లి దిక్కు మన తరం ఏ నీళ్లు తాగి పెరిగిందో నీకు తెలుసు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మన బావులలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి లోకమంతా నల్గొండ పద్ధతి అని మన జిల్లా పేరే పెట్టుకుంది, అంత కష్టం పడ్డ నేల మనది. ఇప్పుడు నల్లాలో కృష్ణ నీళ్లు వస్తున్నాయి. చౌటుప్పల్‌లో 2015లో ఇంటింటికీ నల్లా నీళ్ల పథకం మిషన్ భగీరథకు పైలాన్ వేసిన నాడు మన అమ్మ ఉంటే ఎంత సంతోషపడేదో. అయినా నువ్వు చాయ్‌కి బోరు నీళ్లే బాగుంటాయని అవే పెట్టిస్తున్నావట, మరదలు చెప్పింది. మానెయ్. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. బోరు నీళ్లు బట్టలకు, చెట్లకు వాడండి. తాగడానికి, వండడానికి, చాయ్‌కి నల్లా నీళ్లే.

మందుల సంగతి తొందరగా చెప్పేస్తాను. షాపులో గోలీలు సగం పట్టీ కత్తిరించి ఇచ్చేటప్పుడు గడువు తేదీ ఉన్న ముక్క నీకే ఇమ్మను. ఇంటికి రాగానే డబ్బా మీద నల్ల స్కెచ్ పెన్నుతో "పొద్దున – బీపీ", "రాత్రి – షుగరు" అని పెద్దగా తెలుగులో రాయించు. అక్షరం ఆనకపోతే ఫోన్ కెమెరాతో ఫోటో తీసి రెండు వేళ్లతో పెద్దది చేసుకో, భూతద్దం అదే. మింగడం కష్టమని గోలీలు నలిపి వేసుకోకు. కొన్ని మెల్లగా కరగడానికే చేసినవి ఉంటాయి, నలిపితే మందంతా ఒక్కసారే పడుతుంది. డాక్టరును అడిగి చిన్నవి రాయించుకో. చదివేచోట బల్బు కూడా మార్చు. పడుచుతనంలో సరిపోయిన వెలుతురు ఈ వయసులో సరిపోదు, తల వెనక నుంచి పడేట్టు ఇంకో లైటు పెట్టించు.

ఫోన్ మీద నీకున్న భయం అర్థమవుతుంది. అయితే పక్కన పడేయడం దానికి మందు కాదు. ఒకసారి మనుమరాలిని కూర్చోబెట్టుకుని అక్షరాలు పెద్దవి చేయించు, రింగు పెంచించు, ఇంటోళ్ల నంబర్లకు ఫోటోలు పెట్టించు. అప్పుల కంపెనీలు, ప్లాట్లు అమ్మేవాళ్ల ఫోన్లతో మధ్యాహ్నం నిద్ర పోతుందన్నావు, 1909కి చేసి డీఎన్‌డీ, అంటే అటువంటి ఫోన్లు రానీయొద్దని చెప్పే ఏర్పాటు, పెట్టించుకో, చాలావరకు తగ్గుతాయి.

పైసల విషయంలో మాత్రం ఈ మాటలు కాగితం మీద రాసి ఫోన్ పక్కనే పెట్టుకో. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ అడిగారంటే మన డబ్బు పోతున్నట్టే. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, బ్యాంకు పేరు చెప్పినా సరే. కరెంటు కట్ చేస్తామని, పెన్షన్ ఆగుతుందని వచ్చిన మెసేజీలో లింకు నొక్కొద్దు, అందులో పంపిన యాప్ వేసుకోవద్దు. పోలీసు బట్టల్లో వీడియో కాల్‌లో కనపడి "డిజిటల్ అరెస్ట్ చేశాం, ఎవరికీ చెప్పొద్దు" అంటే అదొక దొంగ. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. ఫోన్ పెట్టేసి వెంటనే కొడుక్కి చెప్పు. ఎవరికైనా డబ్బు పోతే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చెప్తే అంత ఆపగలుగుతారు. సిగ్గుపడి దాచుకుంటేనే మొత్తం పోతుంది. పెన్షన్ పడే ఖాతాకు యూపీఐ పెట్టుకోకు. వేరే ఖాతాలో రెండు మూడు వేలు ఉంచి దానికి పెట్టుకో, పాలకు, కూరగాయలకు అది చాలు.

పెన్షన్ ఆగకుండా బతికే ఉన్నామని ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ కోసం పోతే వేలిముద్ర పడలేదని రెండుసార్లు తిప్పారని చెప్పావు. ఏండ్ల తరబడి పని చేసిన చేతులు తమ్మీ, గీతలు అరిగిపోతాయి. మన రాష్ట్ర పెన్షనర్లకు టీ యాప్ ఫోలియో అనే ప్రభుత్వ ఫోన్ యాప్‌లో ముఖం చూపించి ఇంట్లోంచే చేసుకునే వీలుంది. మీ బావది పోస్టాఫీసు ఉద్యోగం పెన్షన్ కాబట్టి ఆయన కేంద్రం వాళ్ల జీవన్ ప్రమాణ్‌లో చేస్తాడు, అందులోనూ ముఖంతో చేసే పద్ధతి వచ్చింది. 80 దాటినవాళ్లకు అక్టోబరు 1 నుంచే తీసుకుంటారు, మిగతావాళ్లకు నవంబరులో. కిటికీ దగ్గర వెలుతురు ముఖం మీద పడేట్టు కూర్చొని, కళ్లద్దాలు తీసి చేస్తే ఒక్కసారికే అయిపోతుంది.

పిల్లలు పట్టించుకోరని నువ్వన్న మాట నాకు కష్టంగా అనిపించింది. నీ కొడుకు మంచోడు. కానీ "నాకు ఇబ్బందిగా ఉంది" అంటే వాడికి ఏం చేయాలో తెలియదు. ఏదో తప్పు పడుతున్నావనుకుని ముడుచుకుంటాడు. "ఈ ఆదివారం వచ్చేటప్పుడు డ్రిల్లింగ్ మిషన్ ఉన్నోడిని వెంట తీసుకురా, బాత్రూంలో రెండు కడ్డీలు బిగించాలె" అని చెప్పు. తప్పకుండా తెస్తాడు. ఏ పని, ఏ రోజు, ఎంత ఖర్చు అన్నది నువ్వే తేల్చి చెప్పాలి. డబ్బులు నువ్వే ఇవ్వు. ఏండ్లు కష్టపడి తెచ్చుకున్న పెన్షన్ నీ ఒంటికి ఖర్చు పెట్టడానికి కూడా ఉన్నది. అదే విధంగా నీ చేతనైన పని ఎవరికీ అప్పజెప్పకు. కూరగాయలకు నువ్వే పో, బ్యాంకు పుస్తకం నువ్వే చూసుకో. ఒకసారి వదిలేసిన పని మళ్లీ చేతికి రాదు.

తిరుపతి పోదామని మరదలు అడుగుతున్నదట, ఎందుకు వెనకాడుతున్నావు? 2020 నుంచి రైల్లో మనకు రాయితీ లేదు, నిజమే. కింది బెర్తు మాత్రం వయసు చూసి ఖాళీ ఉంటే ఇస్తారు, మగవాళ్లకు 60 నుంచి, ఆడవాళ్లకు 45 నుంచి. నల్గొండలో నారాయణాద్రి ఎక్కితే తెల్లారేసరికి దిగొచ్చు. ముందు రాత్రి మా ఇంట్లో పడుకోండి.

నాకు సుఖమిచ్చేవి కూడా చెప్తాను, నీకు పనికొస్తాయి. మంచం పక్కన ఫ్లాస్కులో వేడినీళ్లు. పొద్దున్నే మోకాళ్లకు కరెంటు వేడి సంచి. వెనక పట్టీ ఉన్న మెత్తటి చెప్పులు, వంగకుండా అతికించుకునేవి. జొన్నరొట్టె నమలలేక మానేశావు కదా, వేడి రొట్టె తుంపి పాలల్లోనో పప్పుచారులోనో నానబెట్టుకో, రుచి ఎక్కడికీ పోదు. ఎండాకాలం గటకలో మజ్జిగ కలుపుకో. ఈ వయసులో దాహం సరిగ్గా తెలియదు, మన ఎండలకు దాహం వేసేదాకా ఆగితే ప్రమాదం, గంటకోసారి నీళ్లు తాగు. పొద్దున అమెరికా నుంచి మనుమడు వీడియోలో కనపడితే నాకు ఆ రోజంతా బాగుంటుంది. వాడు పాఠం చదివి వినిపిస్తాడు, చెవిలో మిషన్ ఉంది కాబట్టి ప్రతి అక్షరం వినపడుతుంది. నీ మనుమరాలి మాట నీకు అట్లాగే వినపడాలని నా కోరిక.

వచ్చే బుధవారం పొద్దున బండికి ఇద్దరూ రండి. ఇక్కడి చెవి డాక్టరు దగ్గర నీ పేరు రాయించాను. పాత మందుల చీటీలు, కళ్లద్దాల నంబరు కాగితం, ఆధార్ కార్డు పట్టుకురా. ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టుకు మరదలి ఆధార్ కూడా కావాలి, మరిచిపోవద్దని చెప్పు. కడ్డీలు తిరిగిపోయేటప్పుడు ఇక్కడే కొందాం, గోడ కొలతలు రాసుకుని రా.

ఇట్లు,
మీ అక్క,
నల్గొండ