క్యూబా లయలో నట్‌క్రాకర్

ప్రశ్న: మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది. క్రిస్మస్‌కు ఆడే ‘నట్‌క్రాకర్’ బ్యాలేను క్యూబా పద్ధతిలోకి మార్చారని విన్నాం. అలా మారిస్తే అసలు రూపం చెడిపోదా, అండీ?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: చెడిపోదనే నా నమ్మకం, అమ్మా. రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ సంగీతంతో 1892 డిసెంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తొలిసారి ప్రదర్శించిన ఈ బ్యాలేను, క్యూబా రాజధాని హవానాలో పుట్టిన నర్తకుడు కార్లోస్ అకోస్టా 2024లో ‘నట్‌క్రాకర్ ఇన్ హవానా’గా మలిచినప్పుడు, కథానాయిక క్లారాను గానీ ఆమెకు కానుకగా వచ్చే ‘నట్‌క్రాకర్’ కొయ్యబొమ్మను గానీ విడిచిపెట్టలేదు, కథను క్యూబాకు తరలించి, అదే సంగీతాన్ని అక్కడి లయలకు తగినట్టు క్యూబా స్వరకర్త పెపె గావిలోండో చేత కూర్పించారు. క్యూబా లయకు ప్రాణం క్లావే అనే దెబ్బల వరుస. అరచేతిని దొప్పలా ముడిచి, దానిపై ఆనించిన కర్రను మరో కర్రతో కొడితే, మూడు దెబ్బలు, రెండు దెబ్బలుగా ఒక వరుస ఖంగున మోగుతుంది. నట్టువాంగం చేసే గురువుగారి కర్రదెబ్బకు అడుగు వేసే మీ అమ్మాయికి అది ఇట్టే పట్టుబడుతుంది. క్యూబాలో 1969లో రద్దయిన క్రిస్మస్ సెలవు 1998లో గానీ శాశ్వతంగా తిరిగి రాలేదు. 1973లో పుట్టిన అకోస్టా బాల్యంలో ఆ సెలవే లేదు కనుక, ఆయన చేతిలో ఈ కథ నాకు మరింత ఆర్ద్రంగా తోస్తుంది.