అల్లుడూ, ముందు ఆడేవి తీసి పక్కన పెట్టు

అల్లుడూ,

నువ్వు పంపిన లిస్టు మొత్తం చూశాను. పాత వీడియో గేములు, అవి ఆడే మెషిన్లు కలిపి రెండొందలకి పైగా ఐటమ్స్, ఒక్కోదాని ఎదురుగా కొన్న ధర, ఇప్పుడు నడుస్తున్న ధర, డబ్బా ఉందా లేదా, మాన్యువల్ ఉందా లేదా, అన్నీ ఎంతో శ్రద్ధగా రాశావు. చివరిసారి ఎప్పుడు ఆడావన్న కాలమ్ ఒక్కటే లేదు. అది కూడా రాసి పంపమంటే ఫోన్లో కాసేపు ఏం మాట్లాడలేదు నువ్వు, అందుకే కూర్చుని ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ఏవి అమ్మెయ్యాలి మావయ్యా అని అడిగావు. ఆ ప్రశ్నతో మొదలుపెడితే ఈ పని తెమలదు. ఒక్కో క్యాసెట్ చేతిలోకి తీసుకుంటావు, ఇది మళ్లీ దొరకదు అనుకుంటావు, దీని రేటు ఇంకా పెరుగుతుందేమో అనుకుంటావు, పక్కన పెడతావు, సాయంత్రమయ్యేసరికి అమ్మడానికి మిగిలేవి రెండు పాడైపోయిన జాయ్‌స్టిక్కులు. అందుకని ఈ ఏడాదిలో నువ్వు నిజంగా ఆడబోయేవి ఏవో అవి తీసి టీవీ దగ్గర పెట్టు. లిస్టులో ధరల కాలమ్ దాచెయ్, కొన్నాళ్లు దాని మొహం చూడకు.

నిజంగా ఆడబోయేవి అంటే లెక్క వేసే చెప్పాలి. పాప పడుకున్నాక వారంలో మూడు నాలుగు రాత్రులు, గంట చొప్పున దొరుకుతోందన్నావు. ఏడాది మొత్తం కలిపితే 180 గంటలు, ఊరెళ్లిన రోజులు, జ్వరాలు, ఆఫీసు పనులు తీసేస్తే ఇంకా తక్కువ. ఫైనల్ ఫాంటసీ 7 ఉంది కదా, 1997లో మూడు సీడీల్లో వచ్చింది, కథ ఒక్కటి పూర్తి చెయ్యడానికే దాదాపు 40 గంటలు పడుతుంది. అలాంటి ఆర్‌పీజీలు, అంటే ఒక పాత్రని నడిపిస్తూ పొడుగు కథ ఆడేవి, నీ దగ్గర ఒక అర నిండా ఉన్నాయి, నీకున్న టైములో ఏడాదికి నాలుగు ముగిస్తే గొప్ప, అప్పుడు ఇంకేమీ ఆడడానికి ఉండదు. క్రోనో ట్రిగ్గర్ 20 గంటలు దాటుతుంది. షాడో ఆఫ్ ది కొలోసస్ అయితే ఏడెనిమిది గంటల్లో అయిపోతుంది, అంటే నీకు రెండు మూడు వారాల ఆట. మన పాత మారియో, 1985ది, ఎనిమిది వరల్డ్‌లు, ఒక్కోదాంట్లో నాలుగు స్టేజీలు, మొత్తం 32. చెయ్యి తిరిగినవాడికి ఒక్క రాత్రి చాలు. ఇలా ఒక పెద్దది, రెండు మధ్యస్థంవి, మిగతావి చిన్నవి రాసుకుంటూ పో, పది పన్నెండు దగ్గరే ఏడాది నిండిపోతుంది. ఆ లెక్క కాగితం మీద కనపడ్డాక చాలా ఆలోచనలు వాటంతట అవే తేలిపోతాయి.

ఉంటే ఏం పోయింది, ఎప్పుడో ఒకప్పుడు ఆడతా అంటావని తెలుసు. హైదరాబాద్‌లో ఉన్నవాడు ఆ మాటంటే కొంతవరకు ఒప్పుకుంటాను, మన విశాఖలో ఒప్పుకోను. ఇక్కడ దాచిన వస్తువు దాచినట్టు ఉండదురా. మీ ఫ్లాట్ లాసన్స్ బే దగ్గర, బాల్కనీలోంచి సముద్రం కనపడుతుంది, ఆ బాల్కనీ గ్రిల్‌కి ఎన్నిసార్లు రంగు వేయించాల్సి వచ్చిందో మీ అమ్మని అడుగు. ఏసీ బయటి యూనిట్‌ని తినేసిన ఉప్పుగాలే అటక మీది పెట్టెల్లోకీ వెళ్తుంది. క్యాసెట్ కింద పిన్నులు మసకబారి పచ్చగా అవుతాయి. మాన్యువల్ కాగితాలు చెమ్మకి ఒకదానికొకటి అంటుకుంటాయి, విడదీస్తే బొమ్మ ఊడి వస్తుంది. అట్ట డబ్బాలు ఉబ్బుతాయి. చేతిలో పట్టుకుని ఆడే నీ గేమ్ గేర్ మెషిన్‌లో కెపాసిటర్లు, అంటే బోర్డు మీది చిన్న కరెంటు డబ్బీలు, కారడం ఆ మోడల్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బు, వాడినా వాడకపోయినా వస్తుంది, అటక మీద ఉంటే నీకు తెలిసేలోపు బోర్డు కూడా పోతుంది. పీఎస్‌పీ, అదే చేతిలో పట్టుకుని ఆడే ప్లేస్టేషన్, దాని బ్యాటరీ తీసి ఒకసారి చూడు, కొంచెం ఉబ్బినా మళ్లీ పెట్టకు, గుచ్చకు, చెత్తబుట్టలో వెయ్యకు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వు. ఇక తుపాన్ల సంగతి నీకు చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీలు పగిలి ఇళ్లలోకి నీళ్లు కొడుతుంటే మనవాళ్లు ఏ వస్తువుని ముందు కాపాడుకోవాలో తోచక నిలబడిపోయారు, ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, తడిసినవి ఆరబెట్టుకోడానికి ఫ్యాను కూడా లేదు. పది వస్తువులైతే ఒక బ్యాగులో వేసుకుని లోపలి గదిలోకి పరిగెత్తొచ్చు.

వారానికోసారి వాడే వస్తువైతే తేడా వెంటనే తెలుస్తుంది. పీఎస్2, అంటే ప్లేస్టేషన్ 2, డిస్కు చదవడానికి కాస్త ఎక్కువసేపు తీసుకుంటోందంటే లెన్స్ తుడవాలని అర్థం. క్యాసెట్ మొదటిసారికి పట్టలేదంటే పిన్నులు తుడవాలి. నోటితో ఊదకు. ఊపిరిలో ఉన్న తేమ పిన్నుల మీద చేరి తుప్పుకి దారి ఇస్తుంది, తీసి మళ్లీ పెట్టడం వల్లే చాలాసార్లు పనిచేస్తుంది తప్ప ఊదడం వల్ల కాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూదిపుల్ల చాలు, పూర్తిగా ఆరాకే పెట్టు.

ఇప్పుడు మెషిన్ల సంగతి. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, చోటు ఆక్రమించేవి అవే. నీ దగ్గర పీఎస్1 ఒకటి, పీఎస్2లు రెండు ఉన్నాయి. పీఎస్1 డిస్కులు దాదాపు అన్నీ పీఎస్2లో ఆడతాయి, కాబట్టి పీఎస్1 మెషిన్ ఇచ్చెయ్యొచ్చు. కానీ ఆట ఎంతవరకు వచ్చిందో సేవ్ చేసి దాచే దాని మెమరీ కార్డు మాత్రం ఇవ్వకు, పీఎస్1 ఆటలు పీఎస్2 కార్డు మీద సేవ్ కావు, పాత కార్డే కావాలి. ఇది తెలియక మొత్తం సెట్టు అమ్మేసి తర్వాత కార్డు కోసం తిరిగేవాళ్లని చూశాను. గేమ్ బాయ్‌లు మూడు రకాలున్నాయి కదా, అడ్వాన్స్ ఎస్‌పీ ఒక్కటి ఉంచుకో, పాత గేమ్ బాయ్ క్యాసెట్లూ కలర్‌వీ అన్నీ దాంట్లోనే ఆడతాయి, స్క్రీన్‌కి లైటు కూడా ఉంటుంది, పాప పక్కన పడుకుని ఆడుకోవచ్చు. జపాన్ నుంచి తెప్పించిన సూపర్ ఫామికామ్ మెషిన్ నాకూ చాలా ఇష్టం, చూడ్డానికి అంత బాగుంటుంది. కానీ దానికోసం కొన్న వాటిలో సగానికి సగం జపనీస్ ఆర్‌పీజీలే, నీకు ఒక్క అక్షరం రాదు. అవి పంపించెయ్. విమానాలతో కాల్చుకునేవి, రేసింగ్‌వి, భాష అక్కర్లేనివి ఉంచుకో. అక్కడి కరెంటు 100 వోల్టులు, కొనేవాడు ఆ అడాప్టర్‌ని మన 230లో నేరుగా గుచ్చితే అక్కడికక్కడే కాలిపోతుంది, కాబట్టి ఏదైనా జపాన్ వస్తువు అమ్మితే ట్రాన్స్‌ఫార్మర్ విషయం చెప్పి మరీ ఇవ్వు.

టీవీలో బాతుల్ని కాల్చే ఆట గన్ గురించి అడిగావు. అది మీ ఎల్‌ఈడీ టీవీలో పనిచెయ్యదు, గన్‌లో లోపమేమీ లేదు. ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి బాతు ఉన్నచోట తెల్లని డబ్బా వస్తుంది, దాన్ని గన్ కన్ను పట్టుకోవాలి, కొత్త టీవీలు బొమ్మని కాస్త ఆలస్యంగా చూపిస్తాయి కాబట్టి ఆ లెక్క తప్పుతుంది. గన్ ఉంచుకుంటే పెద్ద పిక్చర్ ట్యూబు టీవీ కూడా ఉంచుకోవాలి, లేదంటే రెండూ కలిపి ఒకరికే ఇవ్వాలి. విడదీసి ఇస్తే ఇద్దరికీ ఉపయోగం ఉండదు.

ఆటల్లో ముందు వెళ్లిపోవలసినవి డబుల్స్, అంటే ఒకే ఆట రెండేసి ఉన్నవి, ఏటేటా కొత్త నంబరుతో వచ్చే ఫుట్‌బాల్‌వి, నీకు నచ్చకపోయినా ఎక్కడో టాప్ టెన్‌లో చూసి కొన్నవి. మొదటి గంట ఆడి ఆపేసినవాటికి ఇంకొక్క రాత్రి ఇవ్వు, అప్పుడూ మనసు పట్టకపోతే అది నీ ఆట కాదు, ఎంత గొప్పదైనా సరే. కాని ఒక్కడివే ఆడేవి మాత్రం చూసుకుని మిగతావి తీసెయ్యకు. పండక్కి గాజువాక నుంచి మీ బాబాయ్ పిల్లలు వస్తే హాల్లో నడిచేవి ఏవి? కాంట్రా, క్రికెట్ 07, 2003 నాటి ఆ కుస్తీ ఆట స్మాక్‌డౌన్. బజారులో వాటి ధర ఎంతున్నా నాకు అనవసరం, అవి టీవీ కిందే ఉండాలి. మీ తాతగారు పూర్ణా మార్కెట్‌లో కొనిచ్చిన డూప్లికేట్ టీవీ గేమ్ కూడా ఉండనీ, ఆ తొంభై తొమ్మిది లక్షల ఆటల క్యాసెట్‌తో సహా. తిప్పి తిప్పి అవే కొన్ని ఆటలు దాంట్లో, ఎవరూ నూరు రూపాయలు కూడా ఇవ్వరు, నువ్వు రిమోట్ పట్టుకోడం నేర్చుకున్నది దానిమీదే.

పది పన్నెండు బయట పెట్టాక మిగతావన్నీ మూతలున్న ప్లాస్టిక్ డబ్బాల్లో సర్దు, సిలికా జెల్ పొట్లాలు వెయ్యి, అటక మీద కాకుండా మంచం కింద పెట్టు. దసరాకి పెడితే సంక్రాంతి దాకా అలాగే ఉంచు. ఈలోపు ఏదైనా ఆడాలనిపించి డబ్బా తెరిచి తీశావనుకో, అది బయటే ఉంటుంది. ఎవరూ తెరవని డబ్బాల సంగతి భోగి తర్వాత మాట్లాడదాం, అప్పటికి నీకు అంత బాధ ఉండదు.

అమ్మేముందు సేవ్‌లు చూసుకో. పీఎస్2లో ఒక కార్డు నుంచి ఇంకోదానికి కాపీ చెయ్యొచ్చు, సులువు. క్యాసెట్ల సంగతి వేరు. చాలా క్యాసెట్లలో సేవ్‌ని నిలబెట్టేది లోపలున్న బటన్ సెల్, ఎక్కువగా సీఆర్2032 రకం, అది అయిపోయినా, మార్చడానికి తీసినా ఆట మొదటికొస్తుంది. పాత సేవ్‌ల మీద ప్రేమ ఉంటే స్క్రీన్ ఫోటో తీసుకుని, కొత్త సెల్ వేయించి, మళ్లీ మొదటినుంచి ఆడు. ఆటకి అది మంచి సాకు కూడా.

అమ్మడంలో రెండే మాటలు. కొనేవాణ్ని ఇంటికి పిలిచి, టీవీకి పెట్టి, పది నిమిషాలు ఆడించి ఇవ్వు. లోపముంటే ముందే నోటితో చెప్పు, లెన్స్ వీక్‌గా ఉందని, ఒక బటన్ గట్టిగా నొక్కాలని. బయటి ఊరైతే ఆర్టీసీ కార్గోలో పంపొచ్చు, మెషిన్‌కి నాలుగు పక్కలా రెండేసి అంగుళాల మెత్తని సరుకు ఉండాలి, డిస్కు లోపల వదిలెయ్యకూడదు. కాపీ డిస్కులు కూడా ఆడేలా చిప్ వేసిన ఆ పీఎస్2తో వచ్చిన కాపీ డిస్కులు అమ్మకు, ఎవరికీ అంటగట్టకు. ఇంకో మాట, మొత్తం లాటుగా తక్కువకి అడిగే వ్యాపారులకంటే, ఆడతానని వచ్చే కుర్రాడికి ఓ వెయ్యి తగ్గించి ఇచ్చినా నాకు సంతోషం. నీ ఆ పాత సెగా మెషిన్, మెగా డ్రైవ్, ఎవరి ఇంట్లోనైనా సాయంత్రం పూట మోగుతూ ఉండాలని నా కోరిక.

వచ్చిన డబ్బుతో ఇంకో ఆట కొనకు. పీఎస్2కి కొత్త లెన్స్, అసలు కంపెనీ జాయ్‌స్టిక్ ఒకటి మంచిది, టీవీకి వైర్లు మాటిమాటికీ మార్చక్కర్లేకుండా ఒక స్విచ్ బాక్స్. గంట టైములో పదిహేను నిమిషాలు వైర్లు వెతకడానికే పోతుంటే ఎవరైనా ఫోను పట్టుకునే పడుకుంటారు. సోఫాలో కూర్చున్న రెండు నిమిషాల్లో ఆట మొదలవ్వాలి, ఇంట్లో ఏర్పాటంతా దానికోసమే అనుకో.

స్క్రూడ్రైవర్ సెట్టు, ఆల్కహాల్ సీసా నా దగ్గర ఉన్నాయి. ఆదివారం పీఎస్2 పట్టుకుని సీతమ్మధార రా, లెన్స్ ఇద్దరం కలిసి చూద్దాం. గన్ ఉంచుకుందామనుకుంటే మా ఇంట్లో పిక్చర్ ట్యూబు టీవీ ఒకటి ఖాళీగానే ఉంది, తీసుకుపోవచ్చు, కానీ మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, ఎవరినైనా సాయం తెచ్చుకో.

ఇట్లు,
మీ మావయ్య