కరోనా టైంలో ఉద్యోగుల ట్రైనింగులన్నీ ఆన్‌లైన్‌కి మార్చారు కదా, నిజంగా ఉపయోగపడ్డాయా?

కంపెనీల సంగతి నేను చెప్పలేను గానీ, ప్రభుత్వ టీచర్ల ట్రైనింగు ఫోన్‌లోకి ఎక్కడం దగ్గరుండి చూశాను. అప్పట్లో మా మండలానికి నేనొక రిసోర్స్ పర్సన్‌ని, అంటే తోటి టీచర్లకి శిక్షణ ఇచ్చేదాన్ని. వినే భాగం ఫోన్‌లోకి బాగానే వచ్చింది. చేసి చూపించే భాగం దానంతటది రాలేదు, మేం తెచ్చుకోవాల్సి వచ్చింది.

తెలియనివాళ్ళ కోసం: నిష్ఠ అని కేంద్రం 2019 ఆగస్టులో మొదలుపెట్టింది. ఎనిమిదో తరగతి దాకా చెప్పే టీచర్లు, హెచ్చెమ్‌లు దేశమంతా కలిపి 42 లక్షల మందికి ఎదురుగా కూర్చోబెట్టి ఇవ్వాల్సిన శిక్షణ. 2020 మార్చిలో బళ్ళు మూతబడ్డాక అదీ ఆగిపోయింది. ఆన్‌లైన్ నిష్ఠ తొలిసారి మొదలైంది మన ఆంధ్రప్రదేశ్‌తోనే, 2020 జులై 16న, 1,200 మంది కీ రిసోర్స్ పర్సన్లతో. అక్టోబరు నుంచి ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాలో 18 మాడ్యూళ్ళు వరసగా వచ్చాయి.

ఇక జరిగింది చెప్తాను. వీడియో ఆన్ చేసి ఫోన్ కిటికీలో పెట్టి, కూర కలుపుకున్నవాళ్ళు ఎంతమందో! క్విజ్ జవాబులైతే మాడ్యూల్ తెరవకముందే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేవి. వాళ్ళని తప్పుపట్టను. ఒకపక్క బళ్ళు బాగుచేసే నాడు-నేడు పనులు, ఇంకోపక్క విద్యాకానుక కిట్ల పంపిణీ. పైనుంచి అడిగేదేమో ఒక్కటే: "సర్టిఫికెట్ వచ్చిందా?" నాకు వచ్చే ఫోన్లలో సగం పాఠం గురించి కాదు, "మేడం, పర్సెంటేజీ కదలట్లేదు" అనే. డౌన్‌లోడ్ చేసుకుని సిగ్నల్ లేనిచోట చూస్తే ఎంతవరకు చూశామన్న లెక్క పైకి వెళ్ళేది కాదు, నెట్ వచ్చాక సింక్ నొక్కాల్సి వచ్చేది. ఈ ఒక్క ముక్క ఎంతమందికి చెప్పానో.

ఎమ్మార్సీలో, అంటే మండల రిసోర్స్ సెంటర్లో, ట్రైనింగ్ అంటే అగ్గిపుల్లల కట్టలు, చార్టులు, గోల. అంతకన్నా ముఖ్యం, భోజనాల దగ్గర "ఇవన్నీ మా బళ్ళో కుదరవండీ" అని ఒకరంటే, పక్కాయన "మా బళ్ళో ఇలా కుదిరించాం" అనడం. నన్నడిగితే అసలు ట్రైనింగ్ అదే. మాడ్యూల్లో దానికి చోటు లేదు.

అందుకని స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బళ్ళన్నీ కలిపిన గుంపు) పరిధిలో ఎనిమిది, పదిమంది చొప్పున చిన్న గ్రూపులు కట్టాం. వారానికి ఒకే అంశం. ఎవరింట్లో వాళ్ళు రెండు, మూడు నిమిషాలు పాఠం చెప్పి వీడియో పెట్టాలి, మిగతావాళ్ళు రాత్రి భోజనాలయ్యాక వాయిస్ మెసేజ్‌లో మాట్లాడాలి. రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ ఒక ఎస్జీటీ (చిన్న తరగతులకి చెప్పే టీచరు) మేడం, మనవడు ఫోన్ పట్టుకుంటే, అరుగు మీద చీపురుపుల్లల కట్టలతో 42లోంచి 17 తీసివేత చెప్పారు. కొత్తగా చేరిన ఒక కుర్ర టీచరు అడిగాడు: "మేడం, కట్ట విప్పే ముందు 'రెండు పుల్లల్లోంచి ఏడు తీయగలమా?' అని ఎందుకు ఆగారు?" ఆవిడ జవాబు: "ఆగకపోతే పిల్లలు ఏడులోంచి రెండు తీసేసి 35 అంటారు నాన్నా. నువ్వు పేపర్లు దిద్దేటప్పుడు చూడు." ఆ ఒక్క మాటకి గ్రూపులో రాత్రి పదకొండింటిదాకా కబుర్లే.

ఆన్‌లైన్‌లో ఒక మంచి మాత్రం కాదనలేను. ఏకోపాధ్యాయ పాఠశాల టీచరు ట్రైనింగ్‌కి వెళ్తే, పక్క బడి నుంచి ఎవరినైనా సర్దాలి, లేదా ఆ రోజుకి బడి మూతే. చంటిబిడ్డ తల్లులకి మండల కేంద్రానికి బస్సులో పడి వెళ్ళే అవస్థ తప్పింది. ఈ ఇద్దరి కోసమైనా వినే భాగాన్ని ఫోన్‌లోనే ఉంచొచ్చు.

మీ సంస్థలో ఇప్పుడు మొదలుపెడుతుంటే, మీటింగ్ లింకు పెట్టి గంటన్నర స్లైడ్లు చదవకండి. చదవాల్సింది ముందురోజే పంపేసి, లైవ్‌లో అరగంట సందేహాలు మాత్రమే పెట్టుకోండి. కెమెరా ఆన్ చేయమని బలవంతం వద్దు, పల్లెల్లో ఆ సిగ్నల్‌కి మాట కూడా తెగిపోతుంది. డేటా ఖర్చు ఎవరిదో ముందే తేల్చండి. మా దగ్గర ఎవరి రీఛార్జి వాళ్ళదే. ఇంట్లో పిల్లల ఆన్‌లైన్ క్లాసులకీ అదే ఫోన్ కావడంతో, నెట్ అయిపోయాక రాత్రి పన్నెండు దాటితే గానీ వీడియో పెట్టలేనివాళ్ళూ ఉన్నారు.