లాన్ సంగతి తర్వాత, ముందు నీళ్ళ సంగతి చూడు

అమ్మలూ,

ఈసారి వసంతంలో వెనక లాన్‌లో నాచు తీసి గడ్డి పెంచే పని మీరిద్దరే చేసుకుంటారట, ల్యాండ్‌స్కేపింగ్ వాళ్ళు చెప్పిన రేటు విని దండం పెట్టేశారట. మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చేతికి మట్టి అంటితే చాలు ఏడ్చేదానివి, నువ్వు పార పడతానంటున్నావంటే నాకు ఎంత గర్వంగా ఉందో! అంత టెన్షన్ కూడా పట్టుకుంది. నువ్వు పంపిన ఫోటోలో నాచు కన్నా ముందు వెనక గోడ వారన నిలిచిన నీళ్ళే కనపడ్డాయి నాకు. ఫోన్‌లో చెబితే సగం వింటావు, అందుకే రాస్తున్నాను.

నాచు మీద కోపం పెట్టుకోకు. దానికి సరైన వేళ్ళే ఉండవు, గడ్డిని అది చంపదు. గడ్డి పలచబడిన చోట వచ్చి చేరుతుంది, అంతే. నీడ, తడి, అణిగిపోయిన మట్టి, ఎరువు లేకపోవడం, గడ్డిని మరీ పొట్టిగా కొట్టెయ్యడం, వీటిలో ఏది ఉన్నా దానికి పండగే. మీ ఇంట్లో అన్నీ ఉన్నాయి. మందు చల్లితే నాలుగు రోజుల్లో నల్లబడుతుంది, అక్టోబరు వానలకి మళ్ళీ వస్తుంది.

వాన లెక్క చూస్తే సియాటెల్ వైపు ఏడాదికి 39 అంగుళాలు. మన కోనసీమలో కురిసేది ఇంతకన్నా తక్కువేం కాదు. కాకపోతే అక్కడ దబదబా కురుస్తుంది, మర్నాడు ఎండ కాస్తుంది, ఆరిపోతుంది. ఇక్కడ అక్టోబరు నుంచి మే దాకా తుంపరే తుంపర, ఆరే తీరిక ఉండదు. దానికి తోడు కింద హార్డ్‌పాన్. మంచు యుగంలో ఈ ప్రాంతం మీద మూడు వేల అడుగుల మందాన మంచు ఉండేది. ఆ బరువుకి రాళ్ళూ మట్టీ కలిసి నొక్కుకుపోయిన పొర అది, గునపం దిగదు. ఇళ్ళు కట్టేటప్పుడు పై మట్టి గీకేసి, యంత్రాలు తిప్పి ఇంకా అణగదొక్కి, చివర్లో రెండు మూడు అంగుళాల మట్టి పరిచి దాని మీద గడ్డి చాపలు వేసేసి వెళ్ళిపోతారు. బాతెల్‌లో మీ కాలనీ అంతా అదే తీరు.

కాబట్టి మొదటి పని, అడుగు లోతు గుంట తవ్వి నీళ్ళు నింపు. ఇంకాక మళ్ళీ నింపి, ఈసారి స్కేలు పెట్టి గంటకి ఎంత దిగుతోందో చూడు. అంగుళం కూడా దిగకపోతే ఊరికే విత్తనం చల్లడం దండగ. ఆగు, ఆ గుంట తవ్వడానికి ముందే 811కి ఫోన్ చెయ్యి, నేల కింద పైపులూ తీగలూ ఎక్కడున్నాయో చూపించే వాళ్ళ నంబరు అది. కనీసం రెండు పని దినాల ముందు చెయ్యాలి, డబ్బులేం తీసుకోరు. వచ్చి నేల మీద రంగులు వేసి వెళ్తారు, గ్యాస్‌కి పసుపు, కరెంటుకి ఎరుపు, మంచినీళ్ళకి నీలం. స్ప్రింక్లర్ పైపులు మాత్రం వాళ్ళు చూపించరు, అవి మీరే వెతుక్కోవాలి. అల్లుడు "అడుగు లోతుకి ఏముంటుందిలే అత్తయ్యా" అంటాడు. అననీ. నువ్వు ఫోన్ చెయ్యి.

తర్వాత వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని ఇంటి చుట్టూ తిరుగు. డౌన్‌స్పౌట్లు, అదే కప్పు మీది వాన నీళ్ళు కిందికి దించే గొట్టాలు, ఎక్కడ వదులుతున్నాయో చూడు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే 620 గ్యాలన్ల నీళ్ళు. అవి గోడ పక్కనే దిగితే లాన్ ఏం తట్టుకుంటుంది? పైపు తగిలించి దూరంగా తీసుకెళ్ళండి. గోడ దగ్గర నుంచి పది అడుగుల దూరానికి ఆరు అంగుళాలు పల్లం ఉండాలి. మీది ఎదురు పల్లంలా ఉంది ఫోటోలో. అప్పటికీ నీళ్ళు నిలిస్తే అప్పుడు ఫ్రెంచ్ డ్రెయిన్ ఆలోచించండి. కందకం తీసి, గుడ్డ పరిచి, చిల్లుల పైపు, కడిగిన కంకర, వంద అడుగులకి ఒక అడుగైనా వాలు. పక్కింటి వాళ్ళ వైపు మాత్రం వదలొద్దు.

నీళ్ళంటే నాకు ఎందుకింత భయమో మీ నాన్నని అడుగు. 1986 ఆగస్టులో గోదావరి వచ్చినప్పుడు లంకలో మా ఇల్లు సగం దాకా మునిగింది. మీ నాన్నా నేనూ అటక మీద, కింద ధాన్యం బస్తాలు నానిపోతున్నాయి. వరద తీశాక కూడా గోడల అడుగున ఆ ముక్కిపోయిన వాసన ఎన్నాళ్ళు పోలేదో! ఇంటి కింద తడి అంటే నాకు అదే గుర్తొస్తుంది. మీకు కింద క్రాల్ స్పేస్ ఉంది, అదే ఇంటి అడుగున మనిషి పాకి దూరే ఖాళీ, పైన పాకే పిల్లాడున్నాడు. టార్చ్ తీసుకుని అల్లుడిని ఒకసారి లోపలికి పంపు, ప్లాస్టిక్ షీటు మీద నీళ్ళున్నాయేమో చూడమను. ఈ వారంలోనే.

ఇక మీ మామయ్య కథ. ఇది శ్రద్ధగా చదువు, ఎందుకంటే మీ నాన్న మాటల్లో "టిల్లర్" అన్న మాట వినపడింది నాకు.

రెడ్‌మండ్‌లో ఇల్లు కొన్న కొత్తలో మా లాన్ కూడా మీ లాన్ లాగే ఉండేది. మార్చిలో రెండు రోజులు ఎండ కాసింది. మీ మామయ్యకి ఆవేశం వచ్చింది. టిల్లర్ అద్దెకి తెచ్చాడు. నేల ఇంకా తడిగా ఉంది, బూటు వేస్తే నీళ్ళు పైకొస్తున్నాయి. నాలుగు రోజులు ఆగమన్నాను. "అద్దె కట్టాను, సోమవారం నుంచి మళ్ళీ వాన, నేను రైతుబిడ్డని, నాకు చెప్తావా" అన్నాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దున్నాడు. మట్టి పొడి కాలేదు, బంక అయింది. బ్లేళ్ళు తిరిగిన చోట కింద మట్టి నున్నగా మెరుస్తోంది. అప్పుడే అనుమానించాల్సింది. దాని మీద ఎవరో చెప్పారని ఇసుక పోశాడు, రోలర్ తిప్పాడు, మంచి విత్తనం చల్లాడు. గడ్డి మొలిచింది. ఫోటోలు తీసి అందరికీ పంపాడు.

ఏప్రిల్ వానలకి నీళ్ళు నిలవడం మొదలైంది, ముందుకన్నా ఎక్కువగా. గడ్డి పసుపుపచ్చగా తిరిగింది. జూలైలో అదే నేల బీటలు తీసింది. మరుసటి చలికాలం హీటర్ బాగుచెయ్యడానికి వచ్చినతను క్రాల్ స్పేస్‌లో దూరి, మోచేతుల దాకా బురదతో బయటికి వచ్చాడు. కింద ఇన్సులేషన్ తడిసి వేలాడుతోందట. లోపలికి దిగలేని నీళ్ళు వాలు చూసుకుని ఇంటి కిందికే వెళ్ళాయి. దాన్ని ఆరబెట్టించడానికి అయిన ఖర్చు నీకు చెప్పను, మీ మామయ్యకి బీపీ వస్తుంది.

ఆ వసంతంలో మా మామగారు అమలాపురం నుంచి వచ్చారు. ఒకరోజు వాన వెలిశాక పంచె ఎగ్గట్టి పెరట్లోకి దిగి, గుప్పెడు మట్టి తీసి పిసికి, కాలితో నేల నొక్కి చూశారు. "దమ్ము బాగా కుదిరిందిరా. నారు పోసుకో" అన్నారు. మీ మామయ్య మొహం చూడాలి! నిజమే కదా మరి. వరి చేలో నీళ్ళు కిందికి దిగకుండా నిలబడాలని తడి మీద దున్ని దమ్ము చేస్తాం. మట్టిలో సందులన్నీ మూసుకుపోతాయి, అడుగున గట్టి పొర కడుతుంది. మీ మామయ్య లాన్‌కి చేసింది అచ్చం అదే.

అందుకని టిల్లర్ ముట్టుకోవద్దు. ఏ పనైనా పదును, అంటే మట్టిలో పనికి సరిపడా తేమ, చూసుకునే చెయ్యి. నాలుగు అంగుళాల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి ముద్ద చెయ్యి, వేలితో పొడు. పొడిపొడిగా విడిపోతే పదునుంది. వేలి గుర్తు పడి ముద్ద అలాగే ఉంటే లోపలికి వచ్చి టీ పెట్టుకో. మన వాళ్ళకి శని, ఆదివారాలే సెలవని మట్టికి తెలీదు.

మిగతావి పెద్ద కష్టమైనవి కావు. నాచుకి ఐరన్ సల్ఫేట్ చాలు, డబ్బా మీద రాసినంతే. కాంక్రీటు మీద పడితే తుప్పు మరక పడుతుంది, పోదు, వెంటనే ఊడ్చెయ్యి. తడి ఆరేదాకా పిల్లాడిని బయటికి వదలకు, చేతికి దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు వాడిది. నల్లబడ్డాక రేక్‌తో గీరెయ్యి. ఒళ్ళు పులిసిపోతుంది, వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకో.

పదును వచ్చాక కోర్ ఏరేటర్ అద్దెకి తెండి. నేలలోంచి మట్టి కడ్డీలు పైకి తీసేది, మేకులు గుచ్చేది కాదు. అటూ ఇటూ రెండుసార్లు తిప్పండి, పైకొచ్చిన మట్టి అక్కడే వదిలెయ్యండి. దాని మీద పావు అంగుళం కంపోస్టు. ఇసుక వద్దు. విత్తనం పెరెన్నియల్ రైగ్రాస్, ఫైన్ ఫెస్క్యూ కలిసినది కొను. కెంటకీ బ్లూగ్రాస్ ఫోటోలో బాగుంటుంది కానీ కాస్కేడ్ కొండలకి ఈవల నిలవదు. ఏప్రిల్‌లో, ఆలస్యమైతే మే సగంలోపు చల్లెయ్యి. అదీ కుదరకపోతే సెప్టెంబరు దాకా ఆగు, నిజానికి అదే ఇంకా మంచిది. వేసవిలో ఇక్కడ వాన ఉండదు కదా, లేత గడ్డికి నీళ్ళు పెట్టలేక చస్తావు.

సున్నం అందరూ వేస్తారని నువ్వూ వెయ్యకు. మట్టి పరీక్ష చేయించుకున్నాకే. ఎరువు కొనేటప్పుడు బస్తా మీద మూడు అంకెల్లో మధ్యది, అంటే ఫాస్ఫరస్‌ది, సున్నా ఉండాలి. 2013 నుంచి వాషింగ్టన్‌లో పాత లాన్‌లకి ఫాస్ఫరస్ వాడకూడదు, పరీక్షలో తక్కువని తేలితే తప్ప. గడ్డి రెండు అంగుళాల కన్నా పొట్టిగా కొట్టొద్దని అల్లుడికి గట్టిగా చెప్పు.

ఆ మూల దేవదారు చెట్టు కింద మాత్రం గడ్డి కోసం పోరాడకు. అక్కడ ఎండ రాదు. నాచునే ఉండనీ. బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో బ్లోడెల్ రిజర్వ్ అని ఉంది, అక్కడ నాచునే తోటలా పెంచితే జనం టిక్కెట్ కొని చూస్తారు. ఈ ఎండాకాలం పిల్లాడిని తీసుకుని వెళ్దాం.

ఏరేటర్ వందల పౌండ్ల బరువుంటుంది, మీ ఇద్దరి వల్ల కాదు. నడుం పట్టేస్తే పిల్లాడిని ఎత్తుకోవడానికి కూడా పనికిరావు. తెచ్చే రోజు ముందే చెప్పు, మీ మామయ్యనీ ట్రక్కునీ పంపిస్తాను. ఎక్కించడం, దించడం వరకే ఆయన పని. పదునుందో లేదో మాత్రం నువ్వే చూడు. ఆయన "పర్లేదు, కానిచ్చేద్దాం" అంటే నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్త