డ్రమ్స్ నేర్పిస్తూ బతకగలడా? ఒక తల్లి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు, 81 శాతం వచ్చింది. ఎనిమిదో తరగతి నుంచి డ్రమ్స్ వాయిస్తున్నాడు. నెలకోసారి చెన్నై వెళ్లి మౌంట్ రోడ్డు షాపుల్లో సాయంత్రం దాకా ఏవేవో డ్రమ్స్, సింబల్స్ అనే కంచు పళ్లేలు వాయించి చూసి, ఏమీ కొనకుండా తిరిగొస్తాడు. ఏది ఎలా మోగిందో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. సాయంత్రాలు మా వీధి పిల్లలు నలుగురికి నేర్పిస్తాడు, ఒక్కొక్కరు నెలకు వెయ్యి రూపాయలు ఇస్తారు. ఇప్పుడు బీటెక్ వద్దు, డ్రమ్స్ నేర్పిస్తాను, యూట్యూబ్‌లో డ్రమ్స్ సామాను గురించి వీడియోలు చేస్తాను అంటున్నాడు. ‘డప్పులు కొట్టుకుని బతుకుతావా’ అని వాళ్ల నాన్న వాడితో మాట్లాడటమే మానేశారు. బీటెక్ సీఎస్ఈ మంచిదా, చెన్నైలో మ్యూజిక్ కోర్సు మంచిదా, పోల్చి చెప్పండి సార్. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, పోల్చి చెప్తాను. కానీ మీ ఉత్తరంలో ఆఖరి వాక్యం నన్ను ముందు ఆపింది. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. క్రికెట్ ఆడే పిల్లల తల్లులు రాశారు, ఫొటోలు తీసే పిల్లల తండ్రులు రాశారు, కూచిపూడి వదలనన్న అమ్మాయి నాయనమ్మ కూడా వచ్చి నా ఎదురుగా కూర్చుంది. అందరూ కోర్సు గురించే అడుగుతారు. నిద్ర పట్టనివ్వని సంగతులు వేరే ఉంటాయి. రేపు వీడు ఇల్లు నడపగలడా? మీ వాడు ఏం చేస్తున్నాడని బంధువులు అడిగితే ఏం చెప్పాలి? వీడికి పిల్లనెవరిస్తారు? అవి తప్పు ప్రశ్నలు కావు. తల్లికి రాకుండా ఎలా ఉంటాయి? నేను జవాబిచ్చేది వాటికే.

ముందుగా మీ వారికి ఒక మాట. కొంచెం గట్టిగానే చెప్తున్నాను, ఆయనకు చదివి వినిపించండి. అయ్యా, ‘డప్పులు కొట్టుకుని బతుకుతావా’ అన్న మాట మీ అబ్బాయి కంటే ముందు డప్పు కొట్టి బతికే మనుషులకు తగులుతుంది. మీరు తిరుపతి మనిషి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తే మీ వీధిలోనూ బైరాగి వేషాలు, బండ వేషాలు వేసి ఉంటారు, చిన్నప్పుడు మీరూ వేసే ఉంటారు. డప్పు మోగకుండా ఆ వేషానికి అడుగు పడుతుందా? బ్రహ్మోత్సవాల్లో డోలు, నాదస్వరం లేకుండా స్వామి వాహనం కదులుతుందా? ఆ రెండూ నేర్పడానికి టీటీడీ ఈ ఊళ్లోనే ప్రత్యేకంగా ఒక పాఠశాల నడుపుతోంది. గుడి ముందు చేతులు జోడించి విన్న వాద్యాన్ని ఇంటికొచ్చి తిట్టుగా వాడటం సరికాదు. ఇంకో సంగతి. మీరు మాట్లాడటం మానేస్తే మీ అబ్బాయి ఆలోచించడం మానేయడు. సలహా కోసం ఫోన్‌లో ముక్కూ మొహం తెలియని వాళ్లను అడుగుతాడు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి ఆ పరిస్థితి తెచ్చింది మీరే.

డ్రమ్స్ అనగానే, సలహాకు వచ్చేవాళ్ల నోట నా గదిలో డ్రమ్మర్ శివమణి గారి పేరు రెండుసార్లు వినబడుతుంది. శివమణికి పద్మశ్రీ రాలేదా అంటాడు కొడుకు. అందరూ శివమణి అవుతారా అంటాడు తండ్రి. ఆయనకు 2019లో పద్మశ్రీ వచ్చింది నిజమే. కానీ ఆ పేరుతో ఇంట్లో ఏ గొడవా తీరదు. మీ అబ్బాయి చేస్తానంటున్నది నేర్పించే పని. వాడిని పోల్చాలంటే మీ వీధి చివర లెక్కల ట్యూషన్ చెప్పే సారుతో పోల్చండి. ఆయన ఇల్లు గడుస్తోంది కదా? ఆయనకు పెళ్లయింది కదా?

అలా పోలిస్తే లెక్క వేయడం తేలిక. ఒక్కో పిల్లవాడికి వారానికి రెండు క్లాసులు, ఒక్కోటి అరగంట అనుకుందాం. 20 మంది అయితే వారానికి 20 గంటలు. బడి పిల్లలు ఖాళీగా ఉండేది సాయంత్రం 5 నుంచి 8 దాకా. ఆరు రోజులకు 18 గంటలు, మిగతా రెండు ఆదివారం. ఇప్పుడు తీసుకుంటున్న వెయ్యి చొప్పునే చూసినా నెలకు 20 వేలు. అందులో గది అద్దె, కరెంటు, డ్రమ్ముల మీద చిరిగిన పొరలు (స్కిన్లు), విరిగిన స్టిక్స్ పోవాలి. మార్చిలో పరీక్షలని సగం మంది మానేస్తారు. మన ఊళ్లో ఇంకో చిక్కు కూడా ఉంది. తొమ్మిదో తరగతి దాటగానే పిల్లలను డ్రమ్స్ మాన్పిస్తారు, ఇంటర్‌కు హాస్టల్‌లో వేస్తారు. చేతులు బాగా కుదిరే వయసుకు శిష్యుడు వెళ్లిపోతాడు. అందుకే ఈ వృత్తిలో ఎప్పుడూ కొత్త పిల్లలు వస్తూ ఉండాలి, ఒకటి రెండు స్కూళ్లలో వారానికి కొన్ని క్లాసులు పట్టుకోవాలి, చర్చిలోనో ఆర్కెస్ట్రాలోనో వాయించే పరిచయాలు ఉండాలి. కష్టమే. ఏ ట్యూషన్ సారుకైనా ఈ కష్టం ఉంటుంది.

ఈ లెక్కలో మీరు చూడవలసింది ఒకటుంది. నేర్పే పని అంతా సాయంత్రం 5 తర్వాతే. పొద్దున్నుంచి నాలుగింటి దాకా వాడికి పని లేదు, మన ఊళ్లో డిగ్రీ కాలేజీలు నడిచేది ఆ వేళలోనే. మీ ఇంట్లో ఇన్నాళ్లుగా జరుగుతున్న గొడవ, ఒకదానికొకటి అడ్డం రాని రెండు పనుల మీద.

మీ అబ్బాయికి నేర్పించే గుణం నిజంగా ఉందా? అది నాకంటే మీకే ముందు తెలుస్తుంది. ఆ నలుగురు పిల్లల్లో ఆరు నెలలు దాటినవాళ్లు ఎంతమంది? క్లాసు జరుగుతుంటే ఒకరోజు వంటింట్లోంచి వినండి. తన వేగం చూపించి పిల్లలను అబ్బురపరుస్తున్నాడా, లేక పిల్లవాడి చెయ్యి తడబడిన చోట ఆగి, నెమ్మదిగా, మళ్లీ మళ్లీ చేయిస్తున్నాడా? డ్రమ్స్‌లో రూడిమెంట్స్ అని చేతి పాఠాలు 40 ఉంటాయి. కుడి ఎడమ కుడి ఎడమ అని మొదలై చిక్కుగా సాగుతాయి. వాయించేవాడికి వాటి మీద విసుగు రావచ్చు, నేర్పేవాడికి రాకూడదు. ఎనిమిదేళ్ల పిల్ల అదే పాఠం ముప్ఫయ్యోసారి తప్పు కొట్టినా వాడి గొంతు మారకపోతే, అమ్మా, మీరు దిగులు పడనక్కరలేదు.

ఇక వీడియోల సంగతి. ఇక్కడ నేను మీ అబ్బాయి పక్షాన మాట్లాడలేను. ఈ రెండు మూడేళ్లుగా నా దగ్గరకొచ్చే పిల్లల్లో చాలామంది ఏదో ఒక సామాను రివ్యూ చేసి బతుకుతామంటున్నారు. ఫోన్లు, బైకులు, కెమెరాలు, ఇప్పుడు డ్రమ్స్. నాకు ఈ దారి మీద నమ్మకం కుదరడం లేదు. డ్రమ్స్ అంత తొందరగా మారే వస్తువు కాదు. జిల్డ్‌జియన్ కంపెనీ 1623లో ఇస్తాంబుల్‌లో మొదలై, ఇవాళ్టికీ సింబల్సే చేస్తోంది. కంచులో తగరం 8 శాతం ఉంటే ఒక మోత, 20 శాతం ఉంటే ఇంకో మోత. ఈ తేడా ఒకసారి చెబితే అయిపోతుంది. వీడియోకు మాత్రం వారం వారం కొత్త సరుకు కావాలి. కొనాలంటే డబ్బు లేదు, కంపెనీ పంపాలంటే చూసేవాళ్లు వేలల్లో ఉండాలి, పంపాక దాన్ని బాగాలేదని చెప్పడానికి నోరు రాదు. తెలుగులో డ్రమ్స్ సామాను కొనేవాళ్లే తక్కువ, వాళ్ల కోసం చేసే వీడియోను ఎంతమంది చూస్తారు? ఇంకోటి, డ్రమ్ కిట్‌ను ఉన్నది ఉన్నట్టు రికార్డు చేయడం ఫోన్‌తో అయ్యే పని కాదు. నాలుగైదు మైకులు, గోడలకు పరుపులు కట్టిన గది కావాలి. ఎండార్స్‌మెంట్, అంటే కంపెనీ సరుకుకు మన పేరుతో ప్రచారం, అని పిల్లలు కళ్లు మెరిపిస్తూ చెప్తారు. చాలాసార్లు అది జీతం కాదు, ఆ కంపెనీ సామాను మీద తగ్గింపు.

అంతమాత్రాన ఆ చెన్నై ప్రయాణాలను వృథా అనకండి. షాపులో కొట్టి చూసి, ఇంటికొచ్చి రాసుకునే పిల్లవాడు వినడం నేర్చుకుంటున్నాడు. షాపులో గంభీరంగా మోగిన స్నేర్ డ్రమ్ కల్యాణ మండపంలో చప్పగా ఎందుకైపోతుంది, పాత కిట్‌కు కొత్త స్కిన్ వేసి శ్రుతి చేస్తే కొత్తది కొనే పని ఎలా తప్పుతుంది అన్నవి తెలిసినవాడికి ఊళ్లో పని దొరుకుతుంది. చర్చిల్లో, స్కూళ్లలో బోల్ట్‌లు వదులై, స్కిన్లు గుంటలు పడి మూలన పడున్న కిట్లు నేనే చూశాను. వాటిని బాగుచేసి శ్రుతి చేయడం డబ్బులిచ్చే పని. కొత్తగా చేరే పిల్ల తల్లికి ‘ఇప్పుడే కిట్ కొనకండమ్మా, ఒక ప్రాక్టీస్ ప్యాడ్, ఆ చిన్న చేతికి సరిపడే సన్నటి 7ఏ స్టిక్స్ కొనండి, ఆరు నెలల తర్వాత చూద్దాం’ అని చెప్పగలిగే మాస్టారును ఆ తల్లి వదలదు. వాడి సామాను పిచ్చికి నేర్పించే పనిలోనే విలువ ఉంది. వీడియోలు చేయాలనుకుంటే ఆదివారాలు చేసుకోనివ్వండి, తన శిష్యుల కోసం, తెలుగులో. దాన్ని జీవనాధారంగా లెక్కలో మాత్రం వేయొద్దు.

మీరడిగిన పోలిక. వాడికి ఇష్టం లేకుండా బీటెక్ సీఎస్ఈలో చేర్చకండి. సీటు దొరకడం వేరు, నాలుగేళ్లు కూర్చుని చదవడం వేరు. బ్యాక్‌లాగ్‌లతో మధ్యలో వదిలేసి వచ్చిన పిల్లలను చాలామందిని చూశాను, వాళ్ల తల్లులకూ నిద్ర లేదు. చెన్నై విషయానికొస్తే, ఎ.ఆర్. రెహమాన్ గారు 2008లో మొదలుపెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ అక్కడే ఉంది. సంగీతం శ్రద్ధగా నేర్చుకోవాలనుకునేవారు వెళ్లదగ్గ చోటే. అయితే ఇప్పుడే వద్దు. నగరాల్లో ఇంకా ఎన్నో ప్రైవేటు సంస్థలు డిప్లొమాలు ఇస్తున్నాయి. కొన్నేళ్ల కిందట కీబోర్డు వాయించే ఒక కుర్రాడి తండ్రి అలాంటి చోట సౌండ్ ఇంజినీరింగ్ గురించి అడిగితే, పూర్తిగా విచారించకుండా మంచిదేనన్నాను. ఆయన అప్పు చేసి ఫీజు కట్టాడు. కోర్సు అయ్యాక చేతికొచ్చిన కాగితం ఏ ఉద్యోగానికీ పనికిరాలేదు. ఆ తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు, ఇప్పటికీ గుర్తొస్తే బాధగా ఉంటుంది. అందుకే చెప్తున్నాను, ఎక్కడ చేరినా ముందు సర్టిఫికెట్ మీద ఏ యూనివర్సిటీ పేరు ఉంటుంది, దానికి యూజీసీ గుర్తింపు ఉందా అని అడగండి. జవాబు నోటితో కాదు, కాగితం మీద తీసుకోండి.

నేనైతే ఏం చేయిస్తానంటే, తిరుపతిలోనే మామూలు డిగ్రీలో చేర్పిస్తాను. బీకాం కంప్యూటర్స్ అయినా సరే, రేపు క్లాసు నడపడానికి లెక్కలు తెలుస్తాయి. దాంతోపాటు ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో మృదంగం పార్ట్‌టైం కోర్సు గురించి కనుక్కుంటాను. డ్రమ్స్ వాయించేవాడికి మృదంగం ఎందుకని వాడు అడుగుతాడు. మృదంగంలో ముందు నోటితో పలికి తర్వాత చేత్తో వాయిస్తారు. ఏడు దెబ్బల మిశ్రచాపు తాళాన్ని వన్ టూ త్రీ అని లెక్కపెట్టిస్తే మన పిల్ల తికమకపడుతుంది. తకిట తకధిమి అని పలికిస్తే నాలుగోసారికి నోట్లోకి వచ్చేస్తుంది, నోట్లోకి వచ్చింది చేతిలోకి వస్తుంది. కిట్ మీద ఇలా నేర్పగలిగితే ఈ ఊళ్లో వాడి దగ్గరకే వస్తారు.

సంగీత పరీక్షలు పెట్టే ట్రినిటీ, రాక్‌స్కూల్ సంస్థల డ్రమ్స్ గ్రేడ్ పరీక్షలు ఏడాదికొకటి రాయించండి. ఆ సర్టిఫికెట్ గోడ మీదుంటే పిల్లల తల్లిదండ్రులకు నమ్మకం. గవర్నమెంటు ఉద్యోగానికి మాత్రం అది చాలదు. కేంద్రీయ విద్యాలయంలో ప్రైమరీ మ్యూజిక్ టీచర్ పోస్టుకు ఇంటర్‌లో 50 శాతంతో పాటు సంగీతంలో డిగ్రీ అడుగుతారు. ఆ దారి మీద ఆశ ఉంటే డిగ్రీ ఎంచుకునేటప్పుడే ఆలోచించుకోవాలి.

ఒక్క విషయం ఆలస్యం చేయొద్దు. చెవులు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు తట్టుకోవచ్చని లెక్క, 100కు చేరితే 15 నిమిషాలే. మూసిన గదిలో డ్రమ్స్ మోత సులువుగా ఆ 100 దాటుతుంది. చెవిలో గుయ్ మనే శబ్దం ఒకసారి స్థిరపడితే పోకపోవచ్చు. సంగీతకారులు పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్ ఉంటాయి, రేపే తెప్పించండి. ఆ నలుగురు పిల్లలకు కూడా. అవి వాళ్ల నాన్నగారి చేత్తో కొనిపించగలిగితే మరీ మంచిది.

వచ్చే ఆదివారం కాలేజీలకు సెలవు, నేను ఖాళీగా ఉంటాను. ముగ్గురూ రండి. వాడు రాసుకున్న ఆ నోట్‌బుక్ మీరెవరూ ఇంతవరకు తెరిచి చూసినట్టు మీ ఉత్తరంలో లేదు. అది తీసుకురమ్మనండి, వాళ్ల నాన్న పక్కన కూర్చుని వింటుండగా నాకు చదివి వినిపించమనండి.